పాలిస్తున్నంత కాలం గర్భం రాదా? కాన్పు తర్వాత సహజ పద్ధతుల గురించి

మీరు రాసిన వివరాలు ఒకసారి మళ్లీ చెప్పి మొదలుపెడతాను, చదివే మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. పాపకు నాలుగు నెలలు నిండాయి. సిజేరియన్ కాన్పు. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టడం లేదు. నెలసరి ఇంకా రాలేదు. వచ్చే నెల పుట్టింటి నుంచి హైదరాబాద్ వెళ్లిపోతున్నారు, పాపకు ఆరో నెల నిండగానే ఆఫీసులో చేరాలి. మాత్రలు వద్దు, కాపర్ టీ అంటే భయం. పెళ్లయిన కొత్తలో ఫోన్‌లో పీరియడ్స్ యాప్ చూసుకుంటూ రెండేళ్లు నెట్టుకొచ్చారు, ఇప్పుడూ అదే సరిపోతుందా అని అనుమానం. పాలిస్తున్నంత కాలం ఏమీ కాదని మీ అత్తగారి మాట.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇవాళ్టికి మీ అత్తగారి మాట నిజమే. ఇంకో రెండు నెలలు పోతే దాని మీద ఆధారపడటానికి లేదు. యాప్ మాత్రం ఇప్పుడూ పనికిరాదు, రెండు నెలల తర్వాతా పనికిరాదు. అసలు చిక్కంతా పాలు కాపాడే కాలం అయిపోయి, నెలసరి ఇంకా గాడిలో పడని ఆ మధ్య నెలల్లో ఉంది. ప్రభుత్వాసుపత్రిలో ప్రసూతి వార్డులో నర్సుగా, తర్వాత కుటుంబ నియంత్రణ కౌన్సెలింగ్‌లో పనిచేసినన్నాళ్లూ నా దగ్గరికి "ముట్టు కూడా చూడలేదండీ, ఎలా వచ్చింది?" అంటూ వచ్చిన తల్లులంతా దాదాపు ఆ నెలల్లోని వాళ్లే. కాబట్టి ఆ కాలానికి ఏం చేస్తారో ఇప్పుడే, పాపకు నాలుగు నెలలుండగానే తేల్చుకోవాలి.

పాలు ఎలా కాపాడతాయో ముందు చూద్దాం. బిడ్డ చీకినప్పుడల్లా చనుమొనలోని నరాల నుంచి మెదడుకు సంకేతం వెళ్తుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అండాశయాన్ని పనిచేయించే హార్మోన్లు మందగిస్తాయి, అండం విడుదల కాదు. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. పాలు ఎక్కువ పడుతున్నాయా తక్కువ పడుతున్నాయా అన్నదాంతో దీనికి సంబంధం లేదు. బిడ్డ రోజుకు ఎన్నిసార్లు, ఎంత ఎడంతో చీకుతోంది అన్నదే లెక్క. పాలు ధారగా ఉన్నా రోజుకు నాలుగైదు సార్లే పట్టే తల్లికి ఈ రక్షణ గట్టిగా ఉండదు.

ఆఫ్రికాలో కలహారి ఎడారి ప్రాంతంలోని కుంగ్ జాతి వాళ్ల మీద 1980 ప్రాంతంలో శాస్త్రవేత్తలు చేసిన పరిశీలన ఒకటుంది. ఆ తల్లులు బిడ్డను ఒంటికే కట్టుకుని తిరుగుతారు, గంటకు పలుమార్లు, ప్రతిసారీ రెండు నిమిషాల పాటు పాలిస్తారు. ఏ గర్భనిరోధకమూ వాడకుండానే బిడ్డకూ బిడ్డకూ మధ్య మూడున్నరేళ్ల పైన ఎడం ఉండేది. మీ అత్తగారి కాలంలో మన ఊళ్లలో అంత కాకపోయినా బిడ్డ తల్లి పక్కలోనే పడుకునేది, రాత్రంతా ఎప్పుడు కదిలితే అప్పుడు నోటికి అందించేవాళ్లు, రెండేళ్లు దాటినా పాలు మాన్పించేవాళ్లు కాదు. ఆవిడ చెప్పేది ఆవిడ అనుభవం. డబ్బా పాలు, నోట్లో రబ్బరు పీక, ఊయల వేరే గదిలో, తల్లి ఆఫీసులో ఉంటే ఆ అనుభవం మనకు వర్తించదు.

ఈ రక్షణ ఎంతవరకు నమ్మొచ్చో తేల్చడానికి 1988లో ఇటలీలోని బెల్లాజియో అనే ఊళ్లో నిపుణులు కూర్చున్నారు. వాళ్లు పెట్టిన మూడు షరతులే ఇవాళ్టికీ ప్రమాణం. నెలసరి తిరిగి మొదలవకూడదు. బిడ్డకు పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా తల్లిపాలే పట్టాలి. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. మూడూ ఒకేసారి ఉంటే నూటికి 98 మందికి పైగా ఆ ఆరు నెలల్లో గర్భం రాదు. ఇది కండోమ్‌ను మామూలుగా వాడేవాళ్ల ఫలితం కన్నా మెరుగు. ఒక్కటి తప్పినా, మిగతా రెండూ ఎంత బాగున్నా, ఆ రోజుతో ఈ రక్షణ అయిపోయినట్టే లెక్కేసుకోవాలి.

మొదటి షరతు గురించి ఒక మాట. పాలిచ్చే తల్లికి కాన్పయిన ఎనిమిది వారాల లోపు కనిపించే రక్తాన్ని నెలసరిగా లెక్కపెట్టరు. ఆ తర్వాత వరసగా రెండు రోజులు ఎరుపు కనిపిస్తే మాత్రం నెలసరి వచ్చినట్టే. "కొంచెమే కదా, మరకే కదా" అని వదిలేయకండి.

రెండో షరతు దగ్గరే మన ఇళ్లలో చిక్కులొస్తాయి. పగలు పాలకూ పాలకూ మధ్య నాలుగు గంటలు, రాత్రి ఆరు గంటలు దాటకూడదు. రోజు మొత్తం మీద ఎనిమిది నుంచి పది సార్లు పట్టాలి. పాప రాత్రంతా హాయిగా నిద్రపోతోందని అందరూ సంతోషిస్తారు, నేనూ కాదనను, కానీ ఈ లెక్కకు అది మంచి వార్త కాదు. ఎప్పుడైనా వేసే విటమిన్ డి చుక్కల వల్ల, ఒక చెంచా మందు వల్ల ఏమీ కాదు. వస అరగదీసి నాకించడం, గ్రైప్ వాటర్, తేనె ఈ లెక్కను పెద్దగా మార్చకపోయినా బిడ్డ ఆరోగ్యం కోసం వద్దనే చెబుతాను. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయకూడదు. రోజుకు రెండు పూటలా డబ్బా పాలు పడుతుంటే అది దాదాపు పూర్తిగా తల్లిపాలు అనిపించుకోదు.

మీకు పాప కాబట్టి ఇంకో సంగతి. మనలో ఆడపిల్లలకు ఐదో నెలలో అన్నప్రాశన చేసే ఆనవాయితీ ఉంది. ముహూర్తానికి నాలుక మీద కాస్త పాయసం రాస్తే లెక్క చెడదు. మర్నాటి నుంచి "ముహూర్తం అయిపోయిందిగా" అని రెండు పూటలా ఉగ్గు మొదలుపెడితే, పాప పాలు తాగడం తగ్గుతుంది, మీ రక్షణ ఆరో నెల దాకా ఆగకుండా అప్పుడే జారిపోతుంది. డాక్టర్లు కూడా ఆరు నెలలు నిండాకే పైఆహారం అంటారు కాబట్టి, పండగ ఐదో నెలలో చేసుకుని తిండి ఏడో నెలలో మొదలుపెట్టడానికి ఎవరూ అడ్డం చెప్పరనుకుంటాను.

ఇప్పుడు మీ నెలలు పక్కపక్కన పెట్టి చూడండి. ఐదో నెలలో అత్తింటికి వెళ్తారు, కొన్ని నెలల ఎడబాటు తర్వాత భార్యాభర్తలు ఒకచోట ఉంటారు. ఐదో నెలో ఆరో నెలో అన్నప్రాశన. ఆరో నెలతో 26 వారాల ప్రసూతి సెలవు కూడా అయిపోతుంది. అంటే పాల రక్షణ తగ్గడం, ఇద్దరూ దగ్గరవడం ఒకేసారి జరుగుతాయి. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ దూరమే కాపాడుతుంది. దాన్ని చూసి "ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా" అని ధైర్యం తెచ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఆఫీసులో పంపుతో పాలు పిండి, ఇంట్లో సీసాతో పట్టిస్తే తల్లిపాలే కదా, షరతు తప్పనట్టే కదా అని అడుగుతారు. బిడ్డకు అది బంగారంలాంటి పనే, మానొద్దు. కానీ పంపు లాగడం, బిడ్డ చీకడం ఒకటి కాదు. చిలీ దేశంలో ఉద్యోగానికి వెళ్తూ పాలు పిండి ఇచ్చే తల్లులను గమనిస్తే ఆరు నెలల్లో నూటికి ఐదుగురికి గర్భం వచ్చింది. నూటికి ఇద్దరి లోపు అనుకున్న చోట ఐదుగురు. మీరు ఎలాగూ ఆరు నెలల తర్వాతే చేరుతున్నారు. మూడో నెలలోనే ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు మాత్రం ఇది గుర్తుపెట్టుకోవాలి.

డబ్బా పాలు మాత్రమే పట్టే తల్లుల సంగతి వేరు. వాళ్లకు కాన్పయిన నాలుగో వారంలోనే అండం విడుదల కావచ్చు. అందుకే మూడు వారాలు దాటితే జాగ్రత్త మొదలవ్వాలని చెబుతారు.

ఇక అసలు సంగతి, ఆరో నెల తర్వాత. మీరు పాలు మాన్పించరు, పాప రెండేళ్ల దాకా తాగవచ్చు. నెలసరి ఏడో నెలలో రావచ్చు, ఏడాదిన్నరకు రావచ్చు. అది వచ్చాకే జాగ్రత్తపడదాం అనుకుంటే కుదరదు. నెలసరి అనేది అండం విడుదలైన రెండు వారాలకు కనిపించే ఫలితం. మొదటి నెలసరి కంటే ముందే మొదటి అండం విడుదల కావచ్చు. నెలసరి ఎంత ఆలస్యంగా వస్తే అలా జరిగే అవకాశం అంత ఎక్కువ. ఆ అండానికే గర్భం నిలిస్తే నెలసరి రానే రాదు, పాలవల్లే రాలేదనుకుంటూ మూడో నెల దాకా తెలియదు కూడా. మా వార్డుకు వచ్చిన ఒకావిడ, పాప పాలు తాగకుండా మొహం తిప్పేసుకుంటోందని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచి మా దగ్గరికి పంపారు. అప్పటికి ఆవిడకు నాలుగో నెల.

యాప్ ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అది మీ గత నెలసరి తేదీలు చూసి వచ్చే నెలను అంచనా వేస్తుంది. ఇప్పుడు మీకు గత తేదీలే లేవు. కాన్పుకు ముందు తేదీలు దాని దగ్గరుంటే ఇంకా ప్రమాదం, వాటిని పట్టుకుని ఫరవాలేదన్నట్టు పచ్చరంగు చూపిస్తుంది. క్యాలెండర్ లెక్క మొత్తం ఇంతే. దీనిలో కాస్త శాస్త్రీయంగా తయారైన పద్ధతి ఒకటుంది, నెలసరి చక్రం 26 నుంచి 32 రోజుల మధ్య ఉండేవాళ్లు, నెలసరి మొదలైన రోజును ఒకటిగా లెక్కేసి, 8వ రోజు నుంచి 19వ రోజు దాకా దూరంగా ఉండటం. అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు దీనికి రంగుల పూసల దండ కూడా చేశారు. చక్కగా పాటిస్తే ఏడాదికి నూటికి ఐదుగురికి, మామూలుగా పాటిస్తే 12 మందికి గర్భం వస్తుంది. కానీ కాన్పు తర్వాత కనీసం మూడు నెలసరులు అయ్యి, అవి మళ్లీ సక్రమంగా నడుస్తున్నాకే దీన్ని మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. మీకు అది ఏడాది తర్వాతి మాట.

పూసల మాట వచ్చింది కాబట్టి చెబుతాను, ఈ ఆలోచన మన దేశానికి కొత్త కాదు. 1952 ప్రాంతంలో అప్పటి ఆరోగ్యమంత్రి, గాంధీ గారి శిష్యురాలు రాజకుమారి అమృత్ కౌర్ సురక్షిత దినాల పద్ధతి తప్ప వేరేదానికి మొగ్గు చూపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో అప్పటి మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో, ఢిల్లీ లోడీ కాలనీలో దాన్ని ప్రయత్నించారు. ఆడవాళ్లకు రంగురంగుల పూసల దండలు ఇచ్చారు, ఒక రంగు ఫరవాలేదని, ఇంకో రంగు వద్దని. వద్దన్న రోజున పూసను ముందుకు జరిపేస్తే సరిపోతుందనుకున్నవాళ్లు, రోజూ జరపడం మరిచిపోయినవాళ్లు, దండ కనిపిస్తే సిగ్గని దాచేసినవాళ్లు, ఇలాంటి కథలు ఆ ప్రయత్నం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫోన్‌లో యాప్ పచ్చగా చూపించేదాకా తేదీ మార్చి చూసుకునే ఇవాళ్టి జంటలకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు లెండి.

మరి ఆ మధ్య కాలంలో సహజంగా ఉండాలంటే దారి లేదా? ఉంది. తేదీలు కాదు, ఒంటి గుర్తులు చూడాలి. ఆస్ట్రేలియాకు చెందిన బిల్లింగ్స్ డాక్టర్ దంపతులు దీన్ని పద్ధతిగా తీర్చారు. మన దేశంలో చర్చి ఆసుపత్రులు, క్రైస్తవ సిస్టర్లు చాలాకాలంగా నేర్పిస్తున్నది ఎక్కువగా ఇదే. మదర్ థెరిసా సిస్టర్లు కలకత్తా మురికివాడల్లో సహజ పద్ధతులు నేర్పేవారు, 1979లో నోబెల్ ప్రసంగంలో కూడా ఆవిడ ఆ సంగతి ప్రస్తావించారు. మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా నేర్చుకోవచ్చు.

చూడాల్సింది యోని స్రావం. అండం విడుదలకు ముందు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి గర్భాశయ ముఖద్వారం నుంచి తడి స్రావం వస్తుంది. మొదట కాస్త జిగటగా, మబ్బుగా ఉండేది, అండం దగ్గరపడేకొద్దీ పలచబడి, కోడిగుడ్డు తెల్లసొనలా జారుతూ వేళ్ల మధ్య సాగుతుంది. శుక్రకణాలు ఆ తడిలో ఐదు రోజుల దాకా బతుకుతాయి. అండం బతికేది ఒక్క రోజే. అందుకే తడి మొదలైన రోజు నుంచే జాగ్రత్త.

పూర్తిగా పాలిచ్చే తల్లికి ఈస్ట్రోజెన్ తక్కువ కాబట్టి రోజుల తరబడి పొడిగా ఉంటుంది. లేదా రోజూ ఒకే తీరులో, మార్పు లేని కొద్దిపాటి తెల్లబట్ట ఉంటుంది. ఆ మార్పులేని తీరు ఏమిటో ముందు తెలుసుకోవాలి. దానికి కనీసం రెండు వారాలు వరసగా గమనించాలి, ఆ రెండు వారాలూ దూరంగా ఉంటే మేలు, లేకపోతే ఏది ఏ తడో తెలియదు. మీరు పుట్టింట్లోనే ఉన్నారు కాబట్టి ఇంతకంటే మంచి అదను దొరకదు, ఇవాళే మొదలుపెట్టండి. బాత్రూమ్‌కి వెళ్లినప్పుడల్లా ముందు ఒకసారి శుభ్రమైన గుడ్డతోనో టిష్యూతోనో తుడుచుకుని చూడాలి. లోపలికి వేలు పెట్టనక్కర్లేదు. పగలంతా నడిచేటప్పుడు పొడిగా అనిపించిందా, తడిగా అనిపించిందా, జారుడుగా అనిపించిందా అన్నది చూపుకంటే ముఖ్యం. పడుకునేముందు గోడ క్యాలెండర్ మీద ఒక్క అక్షరం రాయండి. పొడి అయితే ప, తడి అయితే త, జారుడు అయితే జ, రక్తం అయితే ర. ఇంట్లో ఎవరైనా చూసినా పాల లెక్కో గ్యాస్ లెక్కో అనుకుంటారు.

ఏడో నెలలో ఉన్న తల్లి క్యాలెండర్ ఎలా ఉంటుందో మచ్చుకి చెబుతాను. సోమవారం నుంచి శనివారం దాకా ప. ఆ వారంలో కలవాలంటే రోజు మార్చి రోజు, అదీ రాత్రిపూట. రాత్రి ఎందుకంటే పగలంతా గమనిస్తే తప్ప ఆ రోజు నిజంగా పొడిదా కాదా తెలియదు. రోజు మార్చి రోజు ఎందుకంటే మర్నాడు కనిపించే తడి వీర్యానిదా మీదా తేల్చడం కష్టం. అంటే సోమ, బుధ, శుక్రవారాల్లో వీలు. ఆదివారం త అని పడింది, సోమవారం కూడా త. అక్కడ ఆగిపోవాలి. మంగళ, బుధ, గురు మళ్లీ ప. అయినా ఆ మూడు రోజులూ ఆగి, నాలుగో రోజు శుక్రవారం రాత్రి పొడిగా ఉంటేనే మళ్లీ మొదలు. పాలిచ్చే తల్లుల్లో ఇలా తడి రెండు రోజులు వచ్చి పోవడం, మళ్లీ పది రోజులకు రావడం మామూలే. అండాశయం లేవబోయి మళ్లీ పడుకుంటుంది. ఏ తడికి నిజంగా అండం విడుదలవుతుందో ముందుగా చెప్పలేం, అందుకే ప్రతి తడికీ ఆగాలి. జారుడు స్రావం వచ్చి ఆగాక రెండు వారాలకు నెలసరి వస్తే, అప్పుడు అండం విడుదలైందని వెనక్కి తిరిగి చూసి రూఢి చేసుకుంటాం. మొదటి ఒకటి రెండు చక్రాల్లో ఆ ఎడం రెండు వారాల కన్నా తక్కువ కూడా ఉండొచ్చు.

చదవడానికే ఇంత ఉంది, చేయడం ఇంకా ఓపిక. పాప ఏడుస్తుంటే, మూడు గంటల నిద్ర కూడా లేకుండా, ఆఫీసు పని చేసుకుంటూ రోజూ గుర్తుపెట్టుకుని రాయాలి. దురద, వాసన, పెరుగులాంటి తెల్లబట్ట ఉంటే అది ఇన్‌ఫెక్షన్, దానికి వైద్యం అయ్యేదాకా గుర్తులు నమ్మకూడదు. కాన్పుకు ముందు ఈ పద్ధతి అలవాటున్నవాళ్లు త్వరగా అందుకుంటారు. మీలా యాప్ మాత్రమే వాడినవాళ్లకు కాన్పు తర్వాతే మొదటిసారి నేర్చుకోవడం కష్టం, ఆ మాట దాచను. పుస్తకం చదివి కాదు, నేర్పేవాళ్ల దగ్గర కూర్చుని, రెండు మూడు వారాల క్యాలెండర్ చూపించి నేర్చుకోవాలి. మామూలు ఆడవాళ్లు మామూలుగా పాటిస్తేనే ఈ స్రావం పద్ధతిలో ఏడాదికి నూటికి 23 మందికి గర్భం వస్తుంది. కాపర్ టీలో అది ఒకరి లోపు.

ఉదయపు ఒంటి వేడి చూసే పద్ధతి ఎంచుకోవచ్చా అంటే, మీ పరిస్థితిలో వద్దంటాను. లేవగానే, మంచం దిగకముందే, రోజూ ఒకే వేళకు, కనీసం మూడు గంటల నిద్ర తర్వాత కొలవాలి. రాత్రి రెండింటికీ నాలుగింటికీ పాలిచ్చే తల్లికి అది కుదిరే పని కాదు. పైగా వేడి పెరిగేది అండం విడుదలయ్యాక. మొదటి అండం ఎప్పుడొస్తుందా అని కాచుకునే కాలంలో అది ముందుగా ఏమీ చెప్పదు. మందుల షాపులో దొరికే ఓవులేషన్ కిట్ కూడా అంతే, అది చెప్పేసరికి అండం విడుదలకు ఒకటిన్నర రోజే మిగులుతుంది, ముందు ఐదు రోజుల శుక్రకణాలు అప్పటికే లోపల ఉంటే ఏం లాభం? అవి పిల్లలు కావాలనుకునేవాళ్ల కోసం తయారైనవి.

వీర్యం బయటికి విడిచిపెట్టడం గురించి మీరు అడగలేదు, కానీ చాలా ఇళ్లలో సహజ పద్ధతి అంటే అదే. దానితో ఏడాదికి నూటికి 20 మందికి గర్భం వస్తుంది. బొప్పాయి తినడం, నువ్వులు తినడం, వెంటనే కడుక్కోవడం, ఇవేవీ ఏమీ చేయవు.

మీ వారి సంగతి. "ఆయనకు అభ్యంతరం లేదు" అని రాశారు. అభ్యంతరం లేకపోవడం సరిపోదు. ఆ క్యాలెండర్ ఆయనకూ తెలియాలి, త అని ఉన్న రోజు ఆయనంతట ఆయనే ఆగాలి. మీరు వద్దని చెప్పడం, ఆయన మొహం మాడ్చుకోవడం, చివరికి మీరు సరేననడం, ఇలా నడిచే ఇంట్లో ఈ పద్ధతి నిలబడదు. కొన్ని వారాలు వరసగా త పడితే ఏం చేస్తారో ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. ఆ రోజులకు కండోమ్ పెట్టుకుంటాం అనుకుంటే మంచిదే, అయితే జారుడు రోజున కండోమ్ మీద మాత్రమే భారం వేస్తున్నారని గుర్తుంచుకోండి. ఇంకో చిన్న సంగతి, ఎవరూ చెప్పరు. పాలిచ్చేటప్పుడు పొడిగా ఉండటం వల్ల నొప్పి ఉంటుంది, ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె రాస్తారు. నూనె తగిలితే రబ్బరు కండోమ్ బలహీనపడి చిరిగిపోతుంది. నీటితో తయారైన జెల్ మందుల షాపులో దొరుకుతుంది, అదే వాడండి.

మీకు సిజేరియన్ అయిందని ఇంత గట్టిగా చెబుతున్నాను. కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. సిజేరియన్ అయినవాళ్లకు రెండు కాన్పుల మధ్య ఏడాదిన్నర కన్నా తక్కువ ఎడం ఉంటే, నొప్పులు వచ్చినప్పుడు పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం పెరుగుతుంది. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన నూటికి 60 కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42. మరోపక్క మన రెండు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది, తెలంగాణలో 62 మంది అది చేయించుకున్నవాళ్లు. మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ మధ్య ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. ఇద్దరు పుట్టాక ఆపరేషన్ అని అందరూ చెబుతారు, ఆ ఇద్దరి మధ్యా ఎడం ఎలా ఉంచాలో ఎవరూ కూర్చుని చెప్పరు.

కాబట్టి మీకు నా సలహా ఇది. ఆరో నెల దాకా పాల మీద ధైర్యంగా ఆధారపడండి, షరతులు తప్పకుండా. ఇప్పటి నుంచే క్యాలెండర్ రాస్తూ గుర్తులు నేర్చుకోండి. ఆరో నెల నుంచి నెలసరి గాడిలో పడేదాకా గుర్తులతో పాటు కండోమ్ ప్రతిసారీ వాడండి, పొడి రోజైనా సరే. కుట్టు వయసు ఏడాదిన్నర దాటి, మూడు నాలుగు నెలసరులు సక్రమంగా వచ్చాక, గుర్తులు మీకు బాగా అర్థమయ్యాయనుకుంటే అప్పుడు గుర్తుల మీద మాత్రమే నడవాలా అన్నది మీ ఇద్దరి ఇష్టం. ఒకవేళ గర్భం వచ్చినా ఇబ్బంది లేదు అనుకునే స్థితిలో ఉన్నవాళ్లకు సహజ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఇప్పుడు అస్సలు రాకూడదు అనుకునేవాళ్లకు అది ఒక్కటే చాలదు.

మాత్రలు వద్దన్నారు, హార్మోన్ల భయం అనుకుంటాను. ప్రభుత్వాసుపత్రుల్లో ఇచ్చే ఛాయ మాత్రలో హార్మోన్ లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసినది, పాలిచ్చే తల్లులకు ఫరవాలేదు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. హార్మోన్లున్న మాలా ఎన్ మాత్రలు మాత్రం పాలిచ్చేవాళ్లు ఆరు నెలల లోపు వాడకూడదు. వాడమని బలవంతం చేయడం లేదు, క్యాలెండర్ రాయడం మీ వల్ల కాదని రెండు నెలల తర్వాత తేలితే మీ ఊరి ఆశా కార్యకర్తను అడగడానికి ఒక పేరు తెలిసి ఉండాలని చెప్పాను. కాపర్ టీ భయం గురించి మీ డాక్టర్‌తో ఒకసారి కూర్చుని మాట్లాడండి, ఎవరో చెప్పిన కథ విని వచ్చిన భయమో, నిజంగా మీకు కుదరని కారణం ఉందో అక్కడ తేలుతుంది.

ఇంత జాగ్రత్తపడ్డా కండోమ్ చిరగడమో, త రోజున ఆగలేకపోవడమో జరిగితే, 72 గంటల లోపు అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, పాలు ఆపనక్కర్లేదు. ఐదు రోజుల లోపు కాపర్ టీ వేయించుకున్నా పనిచేస్తుంది. ఆ తర్వాత నెలసరి కోసం చూస్తూ కూర్చోకండి, మీకు అది రావాల్సిన తేదీ అంటూ లేదు కాబట్టి. కలిసిన రోజు నుంచి మూడు వారాలు లెక్కపెట్టి ఉదయపు మొదటి మూత్రంతో ఇంట్లోనే పరీక్ష చేసుకోండి. రెండు గీతలు కనిపిస్తే ఏ నిర్ణయమైనా తర్వాత, ముందు సిజేరియన్ కాగితాలు పట్టుకుని అదే వారంలో డాక్టర్‌ను కలవండి, కుట్టు దగ్గర గర్భం నిలిచిందేమో మొదటి స్కాన్‌లోనే చూడాలి.